అన్నకి బదులు

మొన్న ఆదివారం మధ్యాహ్నం మా బడి హాల్లో టీవీ దగ్గర కొట్లాట అయింది. కొట్లాటంటే మాటల కొట్లాట కాదు. ఎనిమిదో తరగతి పిల్ల తొమ్మిదో తరగతి పిల్ల జడ పట్టుకు లాగింది. ఆ పిల్ల ఈ పిల్ల చెయ్యి కొరికింది. ఏమిటా అని వెళ్ళి చూస్తే, జపాను వాళ్ళ సీరియల్ గురించి. ముసుగు వేసుకున్నవాడొకడు రాక్షసుల్ని తంతూ ఉంటాడు. తన్నడం మొదలవగానే హాల్లో సగం మంది ముందుకి జరుగుతారు. వాడు ముసుగు తీసి ఇంటికెళ్ళి తల్లి పక్కన కూర్చోగానే, ఆ సగం మందే "ముందుకి తొయ్యండే" అని గోల పెడతారు. మిగతా సగం మంది "అదే కదా కథంటే" అని రిమోటు దాచేస్తారు.

ఆ రోజు డ్యూటీ నాది. ఈ గిరిజన బాలికల బడిలో హిందీ చెప్తాను. ఆదివారం కూడా మనల్ని వదలరు. మోకాళ్ళు పట్టేసి, ఉదయం నుంచి మూడుసార్లు మెట్లెక్కి దిగి, అప్పుడే కాస్త కుర్చీలో వాలాను. ఇద్దర్నీ తెచ్చి నా ముందు నిలబెట్టారు. కొరికిన పిల్ల ఏడుపు మధ్యలో అడిగింది.

"మీరే చెప్పండి మేడమ్. ఫైట్లు గొప్పా, మనుషులు గొప్పా?"

రిమోటు తీసుకుని కొంగున ముడేసుకున్నాను. "రెండూ గొప్పవి కావు, పరీక్షలు గొప్పవి, పోయి చదువుకోండి" అన్నాను. నాకే నచ్చలేదు ఆ జవాబు. వాళ్ళకీ నచ్చలేదు, గొణుక్కుంటూ వెళ్ళారు. నేను మాత్రం అలాగే కూర్చుండిపోయాను. ఇదే ప్రశ్న మీద, ఇలాంటి హాల్లోనే, మేం కూడా ఇలాగే జడలు లాక్కున్నాం.

నేను చదువుకున్న ఆశ్రమ పాఠశాల ఇప్పుడు లేదు. అదే చోట బడి ఉంది గానీ అది మాది కాదు. మాది పెంకుల షెడ్డు. వానాకాలం చుక్క చుక్క కారేది. చలికాలం ఉదయం పది దాటినా మంచు కిటికీ దగ్గరే నిలబడి ఉండేది. తడిసిన దుప్పట్లు, పచ్చి కట్టెల పొగ, తలకి రాసుకున్న ఆముదం, ఈ మూడూ కలిసిన వాసన మా హాలుది. ఇప్పటికీ ఎవరైనా పచ్చి కట్టె పొయ్యిలో పెడితే నాకు ఆకలేస్తుంది. ఎందుకంటే ఆ వాసన తర్వాత చోడి అంబలి, అదే రాగి జావ, వచ్చేది. అంబలి పల్చన, దానిలోకి పచ్చిమిరపకాయ ఒకటి. శనివారం రాత్రి మాత్రం గుడ్డు. గుడ్డు పచ్చసొన ముందు తినాలా, ఆఖర్న తినాలా అని కూడా మాకు రెండు పార్టీలుండేవి. పని లేని పిల్లలం.

హాల్లో ఒక మూల నలుపు తెలుపు టీవీ. దానికో చెక్కపెట్టె, పెట్టెకి తాళం, తాళంచెవి వార్డెన్ మేడమ్ మెళ్ళో పుస్తెల పక్కన. ఆదివారం పొద్దున్న ఆ తాళం తీసేవారు. వెదురు గెడ చివర యాంటెన్నా కట్టి, ఆ గెడని పనసచెట్టుకి కట్టారు. ఒకరు బయట నిలబడి గెడ తిప్పాలి. లోపల్నుంచి ఒకరు కేకెయ్యాలి.

"వచ్చిందేటే?"

"బొమ్మొచ్చింది, మాట పోయింది!"

"ఇప్పుడు?"

"మాటొచ్చింది, బొమ్మ పోయింది!"

మా పోరంతా ఇక్కడే పుట్టింది. ఆ కొండల మధ్య యాంటెన్నాని తూర్పుకి తిప్పితే బొమ్మ బాగుండేది, ఉత్తరానికి తిప్పితే మాట బాగుండేది. రెండూ ఒకేసారి దొరికిన ఆదివారాలు తక్కువ. కాబట్టి జపాను వీరుడు తెర మీదకి రాగానే తేల్చుకోవాలి: తన్నులు కావాలా, మాటలు కావాలా. దెబ్బల పార్టీ ఒకటి, మాటల పార్టీ ఒకటి తయారయ్యాయి.

దెబ్బల పార్టీకి పెద్ద, మేం రైలు గుంట అని పిలిచే పిల్ల; మా వైపు ఆడపిల్లని గుంట అంటారు. వాళ్ళ నాన్న రైల్వేలో గ్యాంగ్‌మన్. సొరంగాల దగ్గరున్న చిన్న స్టేషన్ క్వార్టర్‌లో పెరిగింది. ఇనుపరాయి నింపుకుని వెళ్ళే గూడ్సుబళ్ళ పెట్టెలు లెక్కపెడుతూ పెరిగిన పిల్ల, దానికి చప్పుడుంటేనే బాగుండేది. వీరుడు ఎగిరి తన్నిన తన్ను రైలు గుంట సోమవారం బడి గోడ మీద ప్రయత్నించేది. ఒకసారి గోడే గెలిచింది, నెల్లాళ్ళు కుంటింది.

మాటల పార్టీలో నేనూ, నా నేస్తం. మా ఊళ్ళ వైపు నేస్తం కట్టుకోవడం ఒక ఆచారం. ఇద్దరాడపిల్లలు పసుపు రాసుకుని, ఒకరి చేతిలో ఒకరు పువ్వు పెట్టి నేస్తాలు అయితే, ఆ తర్వాత చచ్చేదాకా ఒకరినొకరు పేరుతో పిలుచుకోకూడదు. మేం ఆరో తరగతిలో వలిసె పువ్వులు పెట్టుకున్నాం. ఆ కాలంలో కొండవాలంతా పచ్చగా పూసి ఉంటుంది గనక, ఇంకో పువ్వు వెతుక్కునే ఓపిక మాకు లేదు. అప్పట్నుంచి ఆమె నాకు నేస్తమే. పేరు నోటికి రాదు.

మాటల పార్టీకి అసలు బలం మాత్రం వంటత్త. హాస్టల్లో వంట చేసే ఆమెని అందరం అత్తా అనేవాళ్ళం. భర్త ఉన్న రోజుల్లో కొండలవతల ఇనుపగనుల దగ్గర కొన్నేళ్ళు ఉండి వచ్చింది. కాబట్టి ఆమెకి హిందీ వచ్చు. అలాగని ఆమే చెప్పింది. ఆ సీరియల్ హిందీలో వచ్చేది. మాకు తెలుగే సగం సగం, హిందీ మాట ఒక్కటి రాదు. ఆదివారం పొద్దున్న అత్త గుమ్మడికాయలూ కత్తిపీటా హాల్లోకే తెచ్చుకుని, తెర వైపు ఒక కన్ను, కాయ వైపు ఒక కన్ను వేసి, ఎవరేమన్నారో చెప్పేది.

"ఆ గెంతులేటి, ఆ కేకలేటి! గంగిరెద్దులు కూడా అలగ గెంతవు. ఆడి ఇల్లు సూపించమనండి," అనేది తన్నులు మొదలవగానే.

"ఇల్లు సూసీడానికి టీవీ ఎందుకత్తా? ఇల్లు మన ఊల్లో లేదేటి?" అనేది రైలు గుంట.

ఆ వీరుణ్ణి మేం ఇత్తడోడు అనేవాళ్ళం. తలకి మెరిసే టోపీ, ఒంటికి మెరిసే రేకులు. నలుపు తెలుపులో అది ఇత్తడే అయ్యుంటుందని అత్త తేల్చింది. ఇత్తడోడి అన్నని తొండమొహం ఉన్న రాజొకడు మొదట్లోనే చంపేశాడు. ఆ అన్నకో సైకిల్ షాపు, అయిదేళ్ళ కూతురు. తల్లి లేదు. ఇత్తడోడు పొద్దున్నంతా ఆ షాపులో కూర్చుని పంక్చర్లు వేస్తాడు, పిల్లకి జడ వేస్తాడు, అన్నం తినిపిస్తాడు. తొండరాజు మనుషులు ఊరి మీద పడగానే చేతులు కట్టుకుని కేకేస్తే ఇత్తడి ఒంటికి వచ్చేస్తుంది. ప్రతి వారం ఆ కేకకి ముందు ఒక మాట అనేవాడు. ఎన్నిసార్లు విన్నామో, మాకు నోటికొచ్చేసింది.

"మై అప్నే భాయీ కా బద్లా లూంగా!"

మొదటిసారి అది విన్నప్పుడు అత్త కత్తిపీట మీద చెయ్యి ఆపింది.

"ఏటంటన్నాడత్తా?"

"భాయీ అంటే అన్న," అంది అత్త.

"బద్లా అంటే?"

"బద్లా అంటే బదులు. తెలీదేటి? లూంగా అంటే ఉంతానని. అన్నకి బదులు నానుంతాను అంటన్నాడు, పాపం."

అన్నకి బదులు! అందుకే పంక్చర్లు వేస్తున్నాడు. అందుకే పిల్లకి జడ వేస్తున్నాడు. జడ వంకరగా వేసినా పిల్ల ఏమీ అనదు. మాకంతా తెలిసిపోయినట్టయింది. ఆ మాట దొరికాక మాటల పార్టీకి పట్టపగ్గాల్లేవు. "ఆడు కొట్టడానికి వచ్చినోడు కాదే, ఉండడానికి వచ్చినోడు" అని నేస్తం గొప్పగా వాదించేది. అప్పుడప్పుడే మాట్లాడే పిల్ల, ఇత్తడోడి విషయంలో మాత్రం వకీలు.

రైలు గుంట ఒకసారి నోరు తెరిచింది. "కాదత్తా, బద్లా అంటే అది కాదు, మా కోటర్లకాడ..." అని ఏదో చెప్పబోయింది. అత్త దాని ముందు ఉల్లిపాయల బుట్ట పెట్టింది. "నువ్వు ముందు ఇవి ఒలు. నోరు కాళీగా ఉంటే కళ్ళకి పని సెప్పాల" అంది. రైలు గుంట ముక్కు ఎగబీలుస్తూ ఒలిచింది. మేం దాని ఓటమికి నవ్వుకున్నాం. సాయంత్రం అత్త కాల్చిన చింతపిక్కలు గుప్పెడు ఎక్కువ ఇచ్చింది, మా పార్టీకి మాత్రమే.

ఆ ఏడు వానాకాలం నేస్తం వాళ్ళ అప్ప, అంటే అక్క, చనిపోయింది.

అప్పని నేను రెండుసార్లు చూశాను. పెదబయలు వైపు సంతకి వచ్చినప్పుడు మా ఇద్దరికీ చెరో రిబ్బను కొనిపెట్టింది. నవ్వితే చిగుళ్ళు కనిపించేవి. కొండ మీద ఊరికి ఇచ్చారు. నెలలు నిండి నొప్పులు మొదలైన రోజు సంత రోజు. బావ సంతకి దిగి, జీలుగు కల్లు తాగి, గెడ్డకి, అదే కొండవాగుకి, ఇవతలే ఎవరి అరుగు మీదో పడుకుండిపోయాడు. మొగుడు లేకుండా, ఆస్పత్రికి మోసుకెళ్ళే డోలీ కట్టడానికి ఊళ్ళో మగాళ్ళు తెల్లారేదాకా వెనకాడారు. తెల్లారి కట్టారు. గెడ్డ పొంగింది. అవతలి గట్టున ఆగి ఉండగా డోలీలోనే ఆడపిల్ల పుట్టింది, అప్ప పోయింది. ఇదంతా నేస్తం నాకు చెప్పలేదు. కబురు తెచ్చిన మనిషి వంటింటి గుమ్మంలో కూర్చుని అత్తకి చెప్తుంటే విన్నాను.

నేస్తం ఇంటికెళ్ళి వారం పది రోజుల్లో తిరిగొచ్చింది. జుట్టుకి నూనె లేదు. అన్నం ముందు కూర్చునేది, లేచిపోయేది. రాత్రి పక్క మీద నా చెవిలో ఒక్కటే మాట చెప్పింది.

"నాను బావని సంపీత్తాను."

నాకు భయం వేసింది. పద్నాలుగేళ్ళ పిల్ల ఎలా చంపుతుంది అనే ఆలోచన కూడా రాలేదు, చంపేస్తుందనే అనుకున్నాను. ఆమె ట్రంకు పెట్టెలో బట్టల కింద అడ్డాకులు కోసే కొడవలి చూశాక నాకు నిద్ర పట్టలేదు. చెబితే నేస్తానికి ద్రోహం, చెప్పకపోతే ఏమవుతుందో. రెండు రోజులు నలిగి, ఆఖరికి వంటింట్లోకి వెళ్ళి అత్తకి చెప్పాను. అత్త గంజి వార్చుతూ వింది. గంజి కొంచెం గిన్నెలో పోసి, ఉప్పేసి, "దానికియ్యి" అంది. అంతే.

ఆ ఆదివారం యాంటెన్నా దగ్గర రైలు గుంట వంతు. బొమ్మ బాగా వచ్చింది, మాట గరగరలాడింది. ఎప్పుడూ తన్నులొస్తే విసుక్కునే నేస్తం ఆ రోజు దెబ్బల పార్టీ వాళ్ళతో ముందు వరసలో కూర్చుంది. కళ్ళార్పకుండా చూసింది. ఇత్తడోడు తొండమూకని ఒక్కొక్కణ్ణి ఎత్తి కొడుతుంటే ఆమె పెదాలు కూడా కదిలాయి. మా పార్టీ పిల్లలు "ఇదేటే, పార్టీ మారీసినావా" అని వెక్కిరించారు. నేను నవ్వలేకపోయాను.

ఇత్తడోడు ఆ మాట అన్నాడు. బద్లా లూంగా.

ఎవరూ అడగకుండానే అత్త గట్టిగా చెప్పింది. "ఇన్నారా గుంటల్లారా? అన్నకి బదులు ఉంతాడట. తొండరాజుని కొడితే అన్న లేసొత్తాడేటి? ఆ గుంటకి జడెవులేత్తారు? అది సూసుకోడానికి ఒకలుండాలి కదా."

చెబుతున్నది అందరికీ, చూపు మాత్రం నేస్తం వీపు మీద ఉంది. నేస్తం వెనక్కి తిరగలేదు.

రెండు వారాలకి, సంత రోజు పొద్దున్న, లేచి చూస్తే నా పక్కన పక్క ఖాళీ. ట్రంకు పెట్టె ఉంది, కొడవలి లేదు. వార్డెన్ మేడమ్‌కి చెప్పి, మా మాస్టారొకరు సైకిల్ మీద, కావలివాడు కాలినడకన, కొండ వైపు పరిగెత్తారు. ఆ రోజంతా మేం ఎవరం తినలేదు. రైలు గుంట అయితే అందరికన్నా ఎక్కువ ఏడ్చింది. దానికి ఏడుపు ఎందుకో అప్పుడు నాకు అర్థం కాలేదు.

సాయంత్రం మాస్టారు ఒక్కడే తిరిగొచ్చాడు. సైకిల్ స్టాండు వేస్తూ నవ్వుతున్నాడు.

"ఏం కాలేదర్రా. మీ నేస్తం వాళ్ళప్ప ఇంట్లో ఉంది. పసిగుడ్డుని ఒళ్ళో పెట్టుకుని మేకపాలు పడుతోంది. రమ్మంటే రానంది. అప్పకి బదులు నేనుంటాను అంది."

హాలు హాలంతా కేకలు. మాటల పార్టీ గెలిచింది! మా నేస్తం ఇత్తడోడయింది! కంచాలు వాయించాం. వంటత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ రాత్రి నాకు ఎంత గర్వమో. ఇంకో పిల్లెవరూ రాకుండా ఆ ఖాళీ పక్క మీద నా దుప్పటి పరుచుకున్నాను.

నేస్తం మళ్ళీ బడికి రాలేదు. పసిదాన్ని తీసుకుని పుట్టింటికి దిగింది. తరగతిలో మొదటి మార్కులు ఆమెవే. లెక్కల మాస్టారు రెండుసార్లు వాళ్ళ ఊరెళ్ళి బతిమాలాడు. ఎవరు పెంచుతారు అని ఆమె అడిగితే తిరిగొచ్చేశాడు. సీరియల్ ఆఖరి భాగం వచ్చిన ఆదివారం కరెంటు పోయింది. ఇత్తడోడి కథ ఎలా ముగిసిందో మాకెవరికీ తెలియలేదు. ఆ పై ఏడు వంటత్త జ్వరంతో పోయింది. రైలు గుంట వాళ్ళ నాన్నకి బదిలీ అయింది. పార్టీలు పోయాయి.

నేను హిందీ పట్టుకోవడానికి కూడా ఆ హాలే కారణం. అత్తలా చెప్పాలని కోరిక. ట్రైనింగ్ కాలేజీలో ఒక రోజు పాఠంలో ఆ మాట తగిలింది. బద్లా లేనా. పగ తీర్చుకొనుట. బెంచీ మీద అలా ఉండిపోయాను. పక్కనున్నామె "ఒంట్లో బాగోలేదా" అంది. ఏం చెప్పను? అన్నకి బదులు ఉండటం కాదు. అన్న చావుకి పగ తీర్చుకోవడం. వారం వారం వాడు చంపుతాను చంపుతాను అని అరుస్తుంటే, మేం ఉంటాను ఉంటాను అని విన్నాం. ఒక గరిటె పట్టిన మనిషి తప్పు హిందీకి తరగతిలో మొదటి పిల్ల చదువు పోయింది. నాకు అత్త మీద కోపం వచ్చింది. చనిపోయిన మనిషి మీద కోపం ఎక్కడ చూపించాలో తెలియక దాన్ని మోసుకు తిరిగాను.

నేస్తం సంతల్లో కనిపిస్తూనే ఉంటుంది. అల్లం, పసుపు, మిరియాలు, కాలాన్ని బట్టి చింతపండు. కనిపించినప్పుడల్లా నిజం నాలిక చివరిదాకా వచ్చేది, మింగేసేదాన్ని. ఆ తప్పు మాట మీద ఈమె బతుకంతా కట్టుకుంది, ఇప్పుడు పునాది లాగితే ఏం మిగులుతుంది అని. చెప్పకపోవడం మంచిదా, మోసమా? ఇరవై ఏళ్ళకి పైగా సంత సంతకీ ఇదే బరువు. నిజం చెప్పాలంటే విసిగిపోయాను.

మొన్న పిల్లల కొట్లాట అయ్యాక ఫోనులో వెతికితే ఆ పాత సీరియల్ దొరికింది. రంగుల్లో. ఇత్తడోడు ఇత్తడి కాదు. ఆకుపచ్చ. చిలకపచ్చ రేకులు! కుర్చీలో కూర్చుని ఒక్కదాన్నే నవ్వాను. వీడియో కింద కామెంట్లలో ఎవరెవరో, ఏ ఊళ్ళవాళ్ళో, ఇప్పటికీ వాదించుకుంటున్నారు. ఒకడు ఫైట్లే దాని ప్రాణం అంటాడు, ఇంకొకడు ఆ పాపా బాబాయీ లేకపోతే అది గుండు సున్నా అంటాడు. మా హాలే. ఆఖరి భాగం కూడా దొరికింది. చూశాను. చూశాక ఇక ఆగకూడదనిపించింది.

ఈ వారం సంతకి వెళ్ళాను. నేస్తం గోనెపట్టా మీద అల్లం కుప్పలు పోసుకుని కూర్చుంది. జుట్టు ముందు భాగం నెరిసింది, మెడ మీద మోపులు మోసిన కాయ. ఆనాటి పసిగుడ్డు పక్కనే ఉంది, దాని చంకలో మళ్ళీ ఒక పసిది. "అమ్మా, టీ తెత్తాను" అని నాకు చోటిచ్చి లేచింది. పుట్టిన దగ్గర్నుంచి అది పిన్నిని అమ్మా అనే పిలుస్తుంది.

నేను పట్టా మీద కూర్చున్నాను. మోకాళ్ళు చప్పుడు చేశాయి.

"నేస్తం, నీకొక మాట చెప్పాలి. వంటత్తకి హిందీ సరిగ్గా రాదు."

"తెలుసు," అంది అల్లానికి మట్టి దులుపుతూ.

"అది కాదే. బద్లా అంటే బదులు కాదు."

"పగ. తెలుసు."

ఆమె నవ్వింది. అప్ప నవ్వే, చిగుళ్ళు కనిపించేలా.

"రైలు గుంట సెప్పీసినాదే. నీళ్ళ కుళాయికాడ. అత్త తప్పు సెప్తన్నాది, ఆడు సంపుతానంటన్నాడు, మా కోటర్లకాడ కొట్టుకునీ వోల్లు అదే మాటంతారు అని. ఆ మాటినే నాను కొడవలట్టుకుని ఎల్లేను."

అందుకే ఆ రోజు రైలు గుంట అందరికన్నా ఎక్కువ ఏడ్చింది.

"మరి?"

"మరేటి. ఎల్లేను. బావ లేడు, సంతకి పోనాడు. మళ్ళీ. గుమ్మంలో కూకుని ఆడొచ్చీదాకా సూద్దామనుకున్నాను. లోపల గుంట ఏడిసింది. బావోల్లమ్మ, ఆ ముసిల్దాయికి సెవుడు. ఎంతసేపని ఇంతాను? ఎత్తుకున్నాను. ఎత్తుకుంటే ఊరుకున్నాది. దింపితే ఏడిసింది. బావొచ్చీసరికి నా సేతులు కాళీ లేవు." ఆమె చేతులు చూపించింది, ఇప్పుడూ ఖాళీ లేవు, అల్లం ఉంది. "మాస్టారొచ్చి అడిగితే ఏటి సెప్పను? సంపడానికొచ్చేనని సెప్పలేను కదా. అత్త మాట నోటికొచ్చింది. అదే సెప్పీసినాను."

"మేం కంచాలు వాయించాం."

"సెప్పేరులే. కోపమొచ్చింది మీ మీద. మీరు ఆదివారం సూసి సోమవారం బడికెల్తారు."

ఒకామె వచ్చి అల్లం బేరమాడింది. నేస్తం తూచి ఇచ్చింది, కొసరు వేసింది. నేను అడగకూడదనుకుంటూనే అడిగాను.

"అత్తకి నిజం తెలుసంటావా?"

"ఏమో. తెలిసే సెప్పిందో, తెలీకే సెప్పిందో. నాను అడగనేదు, ఆవిడ సెప్పనేదు." పట్టా అంచు మడిచింది. "ఇత్తడోడిది ఎన్ని వారాలొచ్చినాదో, అయిపోనాది. నాదే అవ్వనేదు. దీన్ని పెంచేను, ఇప్పుడు దీని పిల్లని ఎత్తుతన్నాను. అలిసిపోనానే నేస్తం."

అంత సూటిగా ఆమె ఎప్పుడూ చెప్పలేదు. ఆమె చెయ్యి పట్టుకున్నాను. మట్టి, అల్లం ఘాటు. నాకు ఏడుపొచ్చింది, ఆమెకి రాలేదు. కాసేపటికి ఏదో గుర్తొచ్చినట్టు నా వైపు తిరిగింది. ఆ మొహంలో ముందు వరసలో కూర్చున్న పద్నాలుగేళ్ళ పిల్ల కనిపించింది.

"అవునే, ఆ రోజు కరెంటు పోనాది కదా. ఆకరికి ఏటయ్యింది? ఆడు తొండరాజుని కొట్టేడా?"

"కొట్టాడు. మొన్ననే చూశాను. ఒకటే మంట, ఒకటే పొగ. తొండరాజు చచ్చాడు. ఇత్తడోడు కొండ మీద నిలబడ్డాడు, సూర్యుడు దిగాడు, అయిపోయింది."

"మరా గుంట?"

"ఏ గుంట?"

"అన్న కూతురే. జడేసుకునీది. అదేటయ్యింది?"

గుర్తు చేసుకున్నాను. పొగ తర్వాత సైకిల్ షాపు రాలేదు. పిల్లా రాలేదు.

"చూపించలేదు."

"ఓలమ్మా," అంది నేస్తం, నిజంగా బాధపడి. "అదే సూపించాల కదా."

ఈలోగా టీ వచ్చింది. చంటిది ఏడుస్తుంటే నేస్తం చేతులు దులుపుకుని అందుకుంది. నేను రెండు కుప్పల అల్లం కొని, వద్దంటున్నా డబ్బులు పట్టా కింద పెట్టి, బడికి నడిచాను. ఆదివారం కాకపోయినా ఆ ఇద్దరు పిల్లల్నీ పిలిచి రిమోటు తిరిగి ఇచ్చేశాను.

"ఎవరిది గెలుపు మేడమ్?" అని అడిగారు.

ముందు ఆఖరిదాకా చూడమన్నాను. చూశాక, ఎవరెవర్ని చూపించలేదో నాకొచ్చి చెప్పమన్నాను.